ఎడ్డీ స్లోవిక్ వాంగ్మూలం: పదం పదం ఒక వ్యాఖ్యానం

1944 అక్టోబరు 9న బెల్జియంలో, యుద్ధరేఖకు కాస్త వెనకున్న ఒక శిబిరంలోకి ఇరవై నాలుగేళ్ల అమెరికన్ సిపాయి నడిచి వచ్చాడు. అక్కడి వంటవాడి చేతికి ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఉన్నవి చిన్న చిన్న వాక్యాలు, తప్పుల తడకగా రాసిన ఇంగ్లీషు. నాలుగు నెలలు తిరక్కముందే ఆ కాగితం అతని ప్రాణం తీసింది. అతని పేరు ఎడ్డీ స్లోవిక్. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అప్పటినుంచి ఇప్పటిదాకా, సైన్యం వదిలి పారిపోయిన నేరానికి అమెరికా కాల్చి చంపిన సైనికుడు ఇతనొక్కడే.

ఇతను డిట్రాయిట్ బిడ్డ. డిట్రాయిట్ శివారు నోవైలో వేంకటేశ్వరాలయం కట్టుకుని, కార్ల కంపెనీల్లో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగువాళ్లం వేల మందిమి ఉన్నాం. స్లోవిక్ సమాధి మనకు ముప్పై మైళ్ల లోపే ఉంది. ఉంటున్న నేల చరిత్ర తెలుసుకోవడం మనకు బాధ్యత అని నేను నమ్ముతాను. అందుకే అతని వాంగ్మూలాన్ని మూలంగా పెట్టుకుని ఈ వ్యాఖ్య రాస్తున్నాను. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథ సూరి తన వ్యాఖ్యలకు నియమం పెట్టుకున్నాడు. చనిపోయిన సైనికుడి గురించి వెతికేవాళ్లకు అంతకు మించిన నియమం లేదు.

‘నేను, ప్రైవేట్ ఎడ్డీ డి. స్లోవిక్’

ప్రైవేట్ అంటే సైన్యంలో అట్టడుగు హోదా. ఎడ్డీ 1920 ఫిబ్రవరి 18న ఒక పోలిష్ కుటుంబంలో పుట్టాడు. పన్నెండేళ్లకే స్నేహితులతో కలిసి ఒక ఫౌండ్రీలో ఇత్తడి దొంగిలించబోయి పట్టుబడ్డాడు. తర్వాత చిల్లర దొంగతనాలు. పనిచేసే మందుల షాపులో చిల్లర డబ్బులు, చూయింగ్ గమ్, సిగరెట్లు తీసినందుకు 1937లో జైలుకెళ్లాడు. పెరోల్ మీద బయటికొచ్చి, తాగిన మైకంలో ఒక కారు ఎత్తుకెళ్లి గుద్దేసి 1939లో మళ్లీ లోపలికి పోయాడు. 1942 ఏప్రిల్‌లో విడుదలయ్యాడు.

తర్వాత బాగుపడ్డాడు. డియర్‌బార్న్‌లో ఒక ప్లంబింగ్ కంపెనీలో పనికి చేరాడు. అక్కడే పరిచయమైన ఆంటొనెట్ విస్నీవ్‌స్కీని 1942 నవంబరు 7న పెళ్లి చేసుకున్నాడు. ఆమె అతనికంటే పెద్దది, ఆరోగ్యం అంతంత మాత్రం. నేర చరిత్ర ఉందని డ్రాఫ్ట్ బోర్డు అతన్ని ‘ఫోర్-ఎఫ్’ కింద, అంటే సైన్యానికి పనికిరానివాడి కింద, రాసుకుంది. యుద్ధం ముదిరి మనుషులు చాలకపోయేసరికి, పెళ్లై ఏడాది నిండగానే అదే బోర్డు ‘వన్-ఏ’గా మార్చింది. 1944 జనవరిలో శిక్షణకు టెక్సాస్‌లోని క్యాంప్ వోల్టర్స్‌కు పంపింది. సైన్యంలో ఉన్న 372 రోజుల్లో ఎడ్డీ భార్యకు 376 ఉత్తరాలు రాశాడు. ఏ నేర చరిత్ర అతన్ని సైన్యానికి పనికిరాకుండా చేసిందో, అదే చరిత్ర కడపట అతని క్షమాభిక్షకు అడ్డుపడింది. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతా కాగితం చదవాలి.

‘36896415’

పేరు పక్కనే రాసిన సైనిక నంబరు ఇది. ఆనాటి సిపాయి నంబర్లను ఒక పద్ధతి ప్రకారం ఇచ్చేవాళ్లు. మొదటి అంకె 3 అయితే ఆ మనిషి తనంతట తాను చేరలేదు, నిర్బంధ భర్తీలో వచ్చాడు. రెండో అంకె 6 అయితే ఇల్లినాయ్, మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాలున్న ప్రాంతం వాడు. పేరు తెలియకపోయినా మొదటి రెండు అంకెలు చూసి, ఇతను ఇష్టపడి వచ్చినవాడు కాదని, ఇటువైపువాడని చెప్పేయవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధ సైనికుల గురించి వెతికేవాళ్లకు ఈ నంబరు చాలా అవసరం. ఒకే పేరుతో వందల మంది ఉంటారు, నంబరు ఒక్కరికే ఉంటుంది. సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రం 1973 జులై 12న అంటుకుని కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. ఆర్మీలో 1912 నుంచి 1960 వరకు పనిచేసి విడుదలైనవాళ్ల రికార్డుల్లో దాదాపు ఎనభై శాతం అందులో పోయాయి. పక్కింటి అమెరికన్ తాతగారి యుద్ధ చరిత్ర వెతకబోతే చాలాసార్లు దొరికేది బూడిదే. విచారణ జరిగిన సైనికుడికి మాత్రం కోర్టు మార్షల్ ఫైలు వేరేగా ఉంటుంది. మామూలు సైనికుడి కంటే శిక్షపడ్డ సైనికుడి గొంతే ఎక్కువగా మిగలడం ఇందువల్లనే. స్లోవిక్ మాటలు మనదాకా వచ్చింది అలాంటి కాగితాల ద్వారానే.

‘డెజర్షన్‌ను ఒప్పుకుంటున్నాను’

ఇది అతను వాడి ఉండకూడని మాట. సెలవు లేకుండా మాయమైతే సైన్యంలో దాన్ని ఆవోల్ అంటారు. అది చిన్న నేరం. డెజర్షన్ కావాలంటే ఉద్దేశం రుజువు కావాలి: తిరిగి రాకూడదని గానీ, ప్రమాదకరమైన విధిని తప్పించుకోవాలని గానీ మనసులో ఉండాలి. మనసులో ఉన్నది రుజువు చేయడం ప్రాసిక్యూటర్లకు కష్టం. అందుకే ఎంతోమంది ఆవోల్‌తో బయటపడేవాళ్లు. స్లోవిక్ ఆ కష్టమేమీ లేకుండా ఉద్దేశాన్ని స్వయంగా రాసిచ్చాడు. యుద్ధకాలంలో డెజర్షన్‌కు మరణం దాకా ఏ శిక్షైనా వేయవచ్చని ఆనాటి సైనిక చట్టం 58వ ఆర్టికల్ చెబుతుంది.

ఆ యుద్ధం మొత్తంలో డెజర్షన్ కింద శిక్షపడ్డ అమెరికన్ సైనికులు దాదాపు 21,000 మంది. వాళ్లలో మరణశిక్ష పడినవాళ్లు 49 మంది. అమలైంది ఒక్కడికి. యుద్ధంలో అమెరికన్ సైన్యం ఇంకా ఎందరినో ఉరితీసింది, కాల్చింది. వాళ్లంతా హత్యలో, అత్యాచారాలో చేసినవాళ్లు.

‘ఆల్బఫ్’

ఈ పేరుతో ఫ్రాన్స్ పటంలో ఊరు దొరకదు. అది నార్మండీలో సేన్ నది ఒడ్డునున్న ఎల్బఫ్. చెవికి వినపడినట్టు రాశాడు. పాత కాగితాల్లో సైనికులు రాసిన ఊరి పేర్లను ఉన్నవున్నట్టు నమ్మకుండా, ఆ రోజు ఆ రెజిమెంటు ఎక్కడుందో చూసి సరిపోల్చుకోవాలి.

‘రిప్లేస్‌మెంట్‌గా వచ్చాను’

నాకు ఈ కాగితం మొత్తంలో అతి ముఖ్యమైన మాట ఇది. చచ్చిపోయినవాళ్ల, గాయపడ్డవాళ్ల ఖాళీలు నింపడానికి అమెరికన్ సైన్యం మనుషుల్ని ఒక్కొక్కరిగా పంపేది. కలిసి శిక్షణ పొందినవాళ్లను కలిపి ఉంచేది కాదు. కొత్తగా వచ్చినవాడికి సార్జెంటు ఎవరో తెలియదు, పక్క గుంటలో ఉన్నవాడి పేరు తెలియదు. రాత్రికి రాత్రి ముందు వరుసలోకి వెళ్లాలి. సిపాయిని నిలబెట్టేది దేశభక్తి కంటే ముందు పక్కనున్న స్నేహితుడని యుద్ధం చేసినవాళ్లందరూ చెబుతారు. రిప్లేస్‌మెంట్‌కు ఆ స్నేహితుడే ఉండడు.

1944 ఆగస్టు 20న ఫ్రాన్స్‌లో దిగిన స్లోవిక్‌ను మరికొందరితో పాటు 28వ డివిజన్, 109వ రెజిమెంటు, జి కంపెనీకి పంపారు. పెన్సిల్వేనియా నేషనల్ గార్డు నుంచి వచ్చిన పాత డివిజన్ అది. భుజం మీది ఎర్రని గుర్తును చూసి జర్మన్లు దాన్ని నెత్తుటి బకెట్ అనేవాళ్లట. స్లోవిక్ తన కంపెనీ ముఖం చూడకముందే గుండ్ల వాన మొదలైంది. అతనికి తోడున్నది స్నేహితుడు జాన్ టాంకీ ఒక్కడే.

‘భయంతో, నరాలు వణికి, కదల్లేకపోయాను’

గుండ్లు పడుతున్నాయి, గుంట తవ్వుకుని దాక్కోమన్నారు, పొద్దున మళ్లీ గుండ్లు పడ్డాయి, మిగతావాళ్లు ముందుకు కదిలారు, నేను కదల్లేకపోయాను. ఇదీ అతను చెప్పిన కథ. గొప్పలు లేవు, సాకులు లేవు. కడుపునొప్పి అనలేదు, దారి తప్పాననలేదు. డివిజన్ మానసిక వైద్యుడు పరీక్షించి ఇతనికి ఏ రోగమూ లేదని రాశాడు. అతని వినతిని చివరికి తోసిపుచ్చిన ఐరోపా మిత్రసేనల అధిపతి జనరల్ ఐసెన్‌హోవర్, 1943లో సిసిలీ ఆసుపత్రుల్లో యుద్ధభయంతో కుప్పకూలిన సైనికుల్ని చెంపదెబ్బ కొట్టినందుకు జనరల్ ప్యాటన్‌ను మందలించి క్షమాపణ చెప్పించినవాడే. ఆసుపత్రి మంచం మీదున్న భయానికి దయ దొరికింది. కాగితం మీద రాసుకున్న భయానికి దొరకలేదు.

‘కెనడా వాళ్ల దగ్గర ఆరు వారాలు’

కెనడా మిలిటరీ పోలీసులకు అతను తనంతట తానే చిక్కాడు. స్లోవిక్, టాంకీ వాళ్ల వెంట ఉంటూ వాళ్లకు పనులు చేసిపెట్టారు. టాంకీ తమ రెజిమెంటుకు కబురు కూడా రాశాడు. అక్టోబరు 7న ఇద్దరూ రెజిమెంటుకు చేరారు. అప్పుడు ఎవరూ కేసు పెట్టలేదు. ఆ ఆగస్టు గందరగోళంలో తప్పిపోయిన రిప్లేస్‌మెంట్లు ఎందరో. స్లోవిక్ తర్వాత రాసిన కాగితం వల్లనే ఈ ఆరు వారాలు కూడా డెజర్షన్ అయి, ఛార్జిషీటులో మొదటి అభియోగంగా చేరాయి.

‘తానేమీ చేయలేనన్నాడు’

ఈ మాటన్నది కంపెనీ కమాండర్ కెప్టెన్ రాల్ఫ్ గ్రాటీ. అక్టోబరు 8న బెల్జియంలోని రోషెరాత్ దగ్గర స్లోవిక్ అతని దగ్గరికెళ్లి, నాకు చాలా భయం, రైఫిల్ కంపెనీలో పనిచేయలేను, వెనక ఎక్కడైనా వేయండి, ముందుకు పంపితే పారిపోతాను అన్నాడు. కెప్టెన్ కుదరదన్నాడు. అక్కడ కెప్టెన్‌ను తప్పుపట్టలేం. భయపడని సిపాయి అతని కంపెనీలో ఒక్కడూ లేడు. ఒకణ్ని వెనక్కి పంపితే మిగతావాళ్లకు ఏం చెప్పాలి? ముందు వరుసలో నిలిచి చచ్చిపోయినవాళ్ల తల్లుల వైపు నుంచి చూడకుండా ఈ కేసు మీద తీర్పు చెప్పడం అన్యాయం. స్లోవిక్ తప్పు చేశాడు. అతను వదిలేసిన చోట ఇంకొకడు నిలబడాల్సి వచ్చింది.

‘వెళ్లాల్సి వస్తే మళ్లీ పారిపోతాను’

కాగితంలో ఈ చివరి వాక్యం పెద్దక్షరాల్లో ఉంది. అంతకుముందు రాసినదంతా జరిగిన సంగతి, ఇది మాత్రం జరగబోయేదాని గురించిన శపథం. అతన్ని చంపింది ఈ వాక్యమే. శిబిరం నుంచి నడిచి వెళుతుంటే టాంకీ వెంటపడి ఆపబోయాడు, వినలేదు. కాగితం తీసుకున్న అధికారి లెఫ్టినెంట్ కల్నల్ రాస్ హెన్‌బెస్ట్, ఇది చించేసి నీ యూనిట్‌కు వెళ్లు, ఏమీ జరగదు అన్నాడు. స్లోవిక్ ఒప్పుకోలేదు. దీని పర్యవసానం నాకు తెలుసు అని వెనకవైపు ఇంకో నాలుగు మాటలు రాయించుకున్నారు. డివిజన్ న్యాయాధికారి హెన్రీ సోమర్ ఇంకో మెట్టు దిగి, నిన్నెవరూ ఎరగని వేరే రెజిమెంటుకు మారుస్తాను, కొత్తగా మొదలుపెట్టు అన్నాడు. దానికీ వద్దన్నాడు, కోర్టు మార్షలే కావాలన్నాడు.

ఎందుకు? పారిపోయినవాళ్లకు జైలు పడుతుందని, యుద్ధం అయిపోయాక వదిలేస్తారని అతను చూస్తూనే ఉన్నాడు. జైలు అతనికి తెలిసిన చోటు, బతికి బయటపడిన చోటు. ఆ లెక్క మిగతావాళ్లందరి విషయంలో సరిపోయింది. మొండితనమే అనండి, నేను కాదనను. కానీ అది కపటం మాత్రం కాదు. అడివిలో దాక్కోలేదు, పారిస్ నల్లబజారు ముఠాల్లో కలవలేదు, తన వేలు తాను కాల్చుకోలేదు. పేరు, నంబరు రాసి ఇచ్చాడు.

విచారణ 1944 నవంబరు 11న జర్మనీలోని రోట్‌గెన్‌లో జరిగింది. నవంబరు 2 నుంచి 28వ డివిజన్ హ్యూర్ట్‌గెన్ అడవిలో ఊచకోతకు గురవుతోంది. అక్కడ ఆ డివిజన్ నష్టం ఆరు వేల మందికి పైనే. తొమ్మిది మంది అధికారుల కోర్టు రెండు గంటల్లోపే పని ముగించింది. వాదించిన కెప్టెన్ ఎడ్వర్డ్ వుడ్స్ వకీలు కాడు. స్లోవిక్ నోరు విప్పలేదు. తీర్పు ఏకగ్రీవం, మరణశిక్ష. ఆ తొమ్మిది మందిలో ఒకరైన దంతవైద్యుడు బెనెడిక్ట్ కిమ్మెల్‌మన్, ఆ తర్వాత తానే జర్మన్లకు ఖైదీగా చిక్కాడు. కోర్టులో కూర్చున్న తామెవరూ ముందు వరుసలో రైఫిల్ పట్టినవాళ్లం కాదని, ఈ శిక్ష అన్యాయమని 1987లో ఒక పత్రికలో బహిరంగంగా రాశాడు. స్లోవిక్ గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు మొదట ఆ వ్యాసం చదవాలి. నోవై పబ్లిక్ లైబ్రరీలో కార్డున్నవాళ్లకు ఇలాంటివి సంపాదించడం కష్టమేమీ కాదు.

వాంగ్మూలం ఇక్కడితో ఆగిపోతుంది. ఇక మిగిలిన మాటలు ఇతరులు రాసినవి. వాటికీ వ్యాఖ్య కావాలి.

‘క్రమశిక్షణ’

డివిజన్ కమాండర్ నార్మన్ కోటా నవంబరు 27న శిక్షను ఆమోదించాడు. స్లోవిక్ డిసెంబరు 9న ఐసెన్‌హోవర్‌కు ఉత్తరం రాశాడు, భార్య కోసమైనా దయ చూపమని. వారం తిరిగేసరికి జర్మన్లు ఆర్డెన్స్‌లో ఎదురుదాడి చేశారు, 28వ డివిజన్ సరిగ్గా వాళ్ల దారిలోనే ఉంది. ఫైలును సమీక్షించిన న్యాయాధికారులు అతని పాత దొంగతనాలను లెక్కలోకి తీసుకున్నారు. ఇతను ప్రభుత్వ అధికారాన్నే సవాలు చేశాడనీ, ప్రతీకారం కోసం కాక సైన్యంలో క్రమశిక్షణ నిలబెట్టడం కోసం శిక్ష అమలు కావాలనీ రాశారు. డిసెంబరు 23న ఐసెన్‌హోవర్ ఖాయం చేశాడు.

1945 జనవరి 31 ఉదయం 10 గంటలు దాటాక, ఫ్రాన్స్‌లోని సెంట్-మారీ-ఒ-మీన్ అనే ఊళ్లో, ఎత్తైన గోడలున్న ఒక ఇంటి ఆవరణలో, అతని సొంత రెజిమెంటు వాళ్లు పన్నెండు మంది కాల్చారు. తనను చంపుతున్నది పారిపోయినందుకు కాదని, ఆ పని వేలమంది చేశారని, చిన్నప్పుడు దొంగిలించిన రొట్టెకూ చూయింగ్ గమ్‌కూ చంపుతున్నారని అతను కాపలా సైనికుడితో అన్నాడు. ఇది పూర్తిగా నిజమని నేను అనను. అబద్ధమని ఫైలు చదివినవాళ్లెవరూ అనలేరు.

నలుగురికీ గుణపాఠం కావాలని ఒక మనిషిని చంపితే, ఆ సంగతి నలుగురికీ తెలియాలి. సైన్యం మాత్రం దీన్ని పత్రికలకు చెప్పలేదు, దేశానికి చెప్పలేదు, కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. క్రమశిక్షణ అన్న వాదనకు ఇంతకంటే పెద్ద ఖండన అక్కర్లేదు.

‘అగౌరవ పరిస్థితులలో’

భర్త ఇలాంటి పరిస్థితుల్లో చనిపోయాడని మాత్రమే ఆంటొనెట్‌కు తెలిపారు. సైనికుడి 10,000 డాలర్ల బీమా ఇవ్వలేదు. రచయిత విలియం బ్రాడ్‌ఫర్డ్ హ్యూయీ ఈ ఉదంతాన్ని తవ్వి తీసేదాకా ఆమెకు నిజం తెలియదు. అతని పుస్తకం 1954లో వచ్చింది. 1974లో మార్టిన్ షీన్ స్లోవిక్‌గా టీవీ సినిమా వచ్చాక దేశమంతా మాట్లాడుకుంది. ఆంటొనెట్ ఒకరి తర్వాత ఒకరుగా అధ్యక్షులకు అర్జీలు పెట్టుకుంటూనే 1979 సెప్టెంబరు 7న కన్నుమూసింది. నేరం భర్తది, శిక్ష ముప్పై నాలుగేళ్లు ఆమెది.

‘వరుస 3, సమాధి 65’

ఫ్రాన్స్‌లోని వాజ్-ఎన్ అమెరికన్ శ్మశానంలో ‘ప్లాట్ ఇ’ అని ఒక మూల ఉంది. హత్యకూ అత్యాచారానికీ మరణశిక్ష పడ్డ తొంభై మందికి పైగా సైనికులు అక్కడ ఉన్నారు. పేర్లు లేవు, నేలలో పాతిన చిన్న రాళ్ల మీద అంకెలు మాత్రమే. అలాంటి నేరమేదీ చేయని స్లోవిక్‌ను వాళ్ల పక్కన పెట్టారు. మెకోంబ్ కౌంటీ కమిషనర్‌గా పనిచేసిన బెర్నార్డ్ కాల్కా, తానూ పోలిష్ కుటుంబం వాడే, తానూ ఆ యుద్ధంలో పనిచేసినవాడే, ఏళ్ల తరబడి పోరాడి రీగన్ ప్రభుత్వం నుంచి అనుమతి సంపాదించాడు. 1987లో అవశేషాలు డిట్రాయిట్ వచ్చాయి. ఉడ్‌మియర్ శ్మశానంలో భార్య పక్కన మళ్లీ పాతిపెట్టారు. నిజమైన పరిశోధన ఎంత దూరం పోగలదో కాల్కా చూపించాడు. ఎవరి ఆజ్ఞా లేకుండా ఒక పౌరుడు ఆ పని చేశాడు.

‘క్షమాభిక్ష’

ఫైలులో ఇప్పటికీ లేని మాట ఇది. బ్రిటన్ 1930లోనే డెజర్షన్‌కు మరణశిక్ష తీసేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో డెజర్షన్ వంటి నేరాలకు చంపిన 306 మందికి 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. ఆనాటి భారత సైనిక చట్టం కింద చనిపోయిన సిపాయిలను కూడా ఆ క్షమాభిక్ష చట్టం కలుపుకుంది. అమెరికా సైనిక న్యాయ సంహిత 85వ ఆర్టికల్‌లో యుద్ధకాలపు డెజర్షన్‌కు మరణశిక్ష ఇప్పటికీ ఉంది. మన భారత సైనిక చట్టం, 1950లోని 38వ సెక్షన్‌లోనూ, యుద్ధ విధుల్లో ఉన్నవాడికి అదే ఉంది. కాబట్టి ఇది ఎక్కడో ఎవరికో జరిగిన పాత కథ అనుకోవడానికి మనకు హక్కు లేదు.

స్లోవిక్ దోషి. అతనికి వేసిన శిక్ష తప్పు. ఒకే నేరం చేసిన 21,000 మందిలో ఒక్కణ్ని, నిజం రాసిచ్చినందుకూ చిన్ననాటి దొంగతనాలకూ, ఎంచుకుని చంపడం న్యాయం కాదు. అమెరికా అధ్యక్షుడు ఒక్క సంతకంతో క్షమాభిక్ష ఇవ్వవచ్చు, చనిపోయినవాళ్లకు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పౌరసత్వం తీసుకుని ఇక్కడ ఓటు వేస్తున్న తెలుగువాళ్లు తమ కాంగ్రెస్ సభ్యుడికీ సెనేటర్లకూ ఈ విషయమై ఉత్తరం రాయండి. ఉత్తరంలో అతని నంబరు తప్పకుండా రాయండి: 36896415.